జెద్దాలో రహీమన్నతో చూసిన సగం సినిమా

గురువారం ఉదయం ఏడింటికి రియాద్‌లో జెద్దా బస్సెక్కాను. పన్నెండు గంటలపైనే ప్రయాణం. వెళ్లేవాళ్లు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది. బస్సు ఆగినచోట నాకు టీ, బిస్కట్లే దొరికాయి.

నా ప్రయాణం రహీమన్న కోసం. ఇద్దరిదీ కడప జిల్లాయే. రియాద్‌లోని మలాజ్‌లో ఒకే గదిలో తొమ్మిదేళ్లున్నాం. శుక్రవారం సాయంత్రాలు ఆయన ఒక బ్రిటిష్ హాస్యనటుణ్ణి అనుకరిస్తుంటే గదంతా పడీపడీ నవ్వేవాళ్లం. నిరుడు ఆయన భార్య చనిపోయింది. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, సెలవు ఇవ్వలేదు, కడచూపు దక్కలేదు. తర్వాత పని మారి జెద్దా వెళ్లిపోయాడు. ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడడు. ఆ నటుడి జీవితాన్ని సినిమాగా తీశారని, జెద్దాలో ఆడుతోందని తెలిసింది. అది చూస్తే మళ్లీ మామూలు మనిషవుతాడని ఆశపడ్డాను.

"సినిమా కే లియే ఇత్నీ దూర్?" సినిమా కోసం ఇంత దూరమా అని అడిగాడు పక్కసీట్లో ప్రయాణిస్తున్న పాకిస్తానీ టాక్సీ డ్రైవరు.

"దోస్త్ కే లియే," స్నేహితుడి కోసమని చెప్పాను.

దిగేసరికి రాత్రి ఎనిమిది. రహీమన్న చిక్కిపోయాడు. "ఇంత దూరం ఎందుకొచ్చినావురా?" అంటూనే నా సంచీ అందుకున్నాడు. ఆయన గదిలోనే పడుకున్నాను.

శుక్రవారం నమాజయ్యాక రెండున్నర ఆటకు వెళ్లాం. మొదట్లో ఒకటి రెండు చోట్ల ఆయన పెదవులు కదిలాయి. సగం సినిమాలో నటుడికి తల్లి పోయిన కబురొస్తుంది. అయినా అదే సాయంత్రం వేదికెక్కి నవ్విస్తాడు. రహీమన్న లేచి బయటికి నడిచాడు. వెనకే వెళ్లాను.

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆమె పోయిన కబురు నాకు శుక్రవారం మధ్యాన్నమే వచ్చిండ్య," అన్నాడు.

"మాకు శనివారం పొద్దున కదన్నా చెప్పినావు?"

"మన రూములో సుబ్బడు ఆరేండ్లకు ఇంటికి పోతాండ్య. మీరంతా వానికి బిర్యానీ చేస్తాండ్రి. ఆ పొద్దు ఎట్ల చెప్పేది?"

ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరం మళ్లీ లోపలికి వెళ్లలేదు.

సాయంత్రం ఐదింటి బస్సు. ఎక్కించి, కిటికీ దగ్గరికొచ్చి, "జాగర్తగా పో," అన్నాడు. బస్సు కదలకముందే తిరిగి నడిచాడు.

సినిమా ఎలా ఉందని అడిగేవాళ్లకు నేను సగమే చెప్పగలను. బాగానే తీశారు.

ఊరు దాటేదాకా ఆ కబురొచ్చిన శుక్రవారం సాయంత్రమే కళ్లముందుంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ నటుణ్ణి ఇంకోసారి చెయ్యమని బతిమాలిందీ నేనే.

చేశాడు.