అందరూ చూపించిన పెద్ద గిన్నె

వడ్డేపల్లి పక్క ఊరి అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేసిన ఆయమ్మ పోయింది. ఆ ఊరి కోడలొకామె ఫోన్ చేసి చెప్పింది. ముందురోజు మాపటికి కూడా ఎవరి బిడ్డనో ఎత్తుకుని, చేతులతోనే బరువు చెప్పిందట. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. గౌరవించదగ్గ మనుషులు నాకు మొదటి నుంచీ తక్కువే తగిలారు. వాళ్లలో ఒకరు తగ్గినా బాగా తెలుస్తుంది.

చాలా ఏళ్ల కిందట, ఆ ఊళ్లో ఆడవాళ్లు ఏం తింటున్నారో లెక్క రాయడానికి నేను హైదరాబాదు నుంచి వెళ్లాను. నాతో అచ్చువేసిన ఫారాలు, ఆరు సైజుల స్టీలు గిన్నెలు ఉండేవి. గిన్నెలు వరసగా పెట్టి, నిన్న ఏ గిన్నెడు అన్నం తిన్నావని అడగాలి. ఇంటింటికీ తిరిగాను. అందరూ పెద్ద గిన్నే చూపించారు. నా లెక్క ప్రకారం ఆ ఊరి ఆడవాళ్లు పహిల్వాన్ల కన్నా ఎక్కువ తింటున్నారు. అల్మారాలకొద్దీ పుస్తకాలు చదివినవాణ్ని, నాకు అనుమానం రాలేదు.

ఆయమ్మ ఫారాలు చదివించుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “సారూ, గట్ల వరసగ పెట్టి అడిగితే ఎవరన్న చిన్న గిన్నె సూపిస్తరా? ఇంటి ఇజ్జత్ గాదా?”

తర్వాత నవ్వు ఆపి ఒక ఫారం మీద వేలు పెట్టింది. అది ఆరో నెల గర్భిణి, ఒక చిన్న కోడలిది. “గీ పిల్ల గింత తింటె, రెండు నెలల సంది తూకం ముల్లు ఎందుకు కదుల్తలేదు?”

నా కాగితంలో ఆ పిల్లకు ఏ లోటూ లేదు. లోటు లేనివాళ్లను ఎవరూ పట్టించుకోరు. ఆయమ్మ దిగులంతా అదే.

మర్నాడు అత్తలనూ కోడళ్లనూ అంగన్‌వాడీకి పిలిచింది. కుర్చీ బయట పెట్టి రమ్మని నాకు చెప్పింది. పెట్టి వచ్చేసరికి నన్నూ బయటికే పంపింది. “సారుకు జొన్నరొట్టె చేసుడు రాదంట, జర నేర్పిండ్రి” అని అత్తలకు అప్పగించింది. అంగన్‌వాడీ వెనక పొయ్యి దగ్గర గంటసేపు వాళ్లు నన్ను ఆటపట్టించారు. నా రొట్టె చూసి ఒకామె ఇది ఏ జిల్లా పటమని అడిగింది.

ఆ గంటలో లోపల అసలు పరిశోధన జరిగింది. నేల మీద ముగ్గుతో మూడు గళ్లు గీసి, ఆయమ్మ వాటిలో మూడు పొద్దులు వేసింది: పొడిచేది, నడినెత్తిది, గుంకేది. పిడికెడు తిండికి ఒక చింతగింజ. కోడళ్లు ఒకరి తర్వాత ఒకరు, నోరు విప్పే పని లేకుండా, పెట్టి వచ్చారు. మేం రొట్టెలతో లోపలికి పోయేసరికి నడిపొద్దు గడి దాదాపు ఖాళీ. విత్తనం కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ చేలల్లో, ఇంటి నుంచి తెచ్చిన సద్ది ముందు మామకూ మొగుడికీ పెట్టి, మిగిలింది కోడళ్లు తినేవారు. చాలా రోజులు మిగిలేదే కాదు.

అత్తల ముఖాలు ముడుచుకున్నాయి. ఆయమ్మ తొణకలేదు. పక్కనే ఇంకో మూడు గళ్లు గీసింది. “మీరు కోడండ్లున్నప్పుడు ఎట్ల తిన్నరో, మీరు గూడ పెట్టుండ్రి” అంది. వాళ్ల అత్తలను తలుచుకుని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పెట్టారు. అక్కడా నడిపొద్దు గడి ఖాళీయే.

నవ్వులు ఆగాయి. ఆ గర్భిణి అత్త అందరిలోకీ నోరుగల మనిషి. తన కోడలి వైపు చూడకుండా వంగి, గుప్పెడు గింజలు తీసి కోడళ్ల నడిపొద్దు గడిలో పోసింది.

“గన్ని గింజలు యాడివే?” అంది పక్కనున్నామె.

“అప్పుడు మా అత్త నాకు పెట్టనివి.”

మర్నాటి నుంచి ఆ ఇంటి సద్దిలో కోడలికి వేరే డబ్బా వెళ్లింది. ముల్లు కదిలిన రోజు ఆయమ్మ నా చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించింది. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా.

హైదరాబాదులో మా పెద్దసారు, గింజలను పట్టికలో ఎట్లా వేస్తావయ్యా అని, నా నివేదికలో ఆ అధ్యాయం కొట్టేశాడు. కొన్నేళ్లకు ప్రజలనే అడగండి, నేల మీద కూర్చోండి అంటూ ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఆయన పోయినప్పుడు నివాళి రాయమంటే నాకు జ్వరం వచ్చింది. ఆ పద్ధతుల మీద వచ్చిన పుస్తకాలన్నీ చదివాను. అత్తలను ఎక్కడికి పంపాలో ఒక్కదాంట్లోనూ లేదు.

నేనూ తక్కువేం తినలేదు. “దాంట్ల నా మాట రాసినవా సారూ?” అని ఆమె అడిగితే రాశానన్నాను. రాసింది ‘స్థానిక సహాయకురాలు’ అని రెండు ముక్కలు. ఆమె సంతోషపడి సంచినిండా పల్లీలు పోసింది. ఇప్పుడైనా పేరు రాద్దామంటే, ఆ పేరు చెబితే ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయమ్మ అంటేనే తెలుస్తుంది.

పెద్దకర్మకు వెళ్లాను. నాకు ఫోన్ చేసినామె వడ్డించింది. ఆనాటి గర్భిణి ఆమే. ఇప్పుడు ఆమెకే కోడలుంది. ఆమె చేతిలో నేను ఆయమ్మకు ఇచ్చి వచ్చిన పెద్ద గిన్నె. ఇన్నేళ్లు కోళ్లకు నీళ్లు పోసి, గింజలు కొలిచి, అడుగున సొట్ట పడింది. సగం చాలమ్మా అన్నాను.

“మా ఊర్ల ఎవరు ఎంత తింటరో నువ్వే రాసినవు గద సారూ” అని నిండా కూరి, విస్తట్లో బోర్లించి ఎత్తింది. వరసలో ఆడవాళ్లంతా నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. అన్నం చెదరకుండా గిన్నెలాగే నిలబడింది, పైన ఆయమ్మ సొట్టతో సహా.