తగ్గిందని చెప్పినవాళ్ళు

మా ఆయనకి చెవులే బతుకుతెరువు. అంబాజీపేటలో ఒక షావుకారు కొట్లో కురిడీలు ఏరేవారు. కురిడీ అంటే అటకమీద నెలల తరబడి ఆరిన కొబ్బరికాయ. లోపల నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా దొర్లాలి. కాయ పగలగొట్టకుండా ఆ సంగతి తెలిసేది చెవికే. ఆయన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ఊపు ఊపి, మంచిది ఇటు, పచ్చిది అటు వేసేవారు. లోపల చుక్క నీరు మిగిలినా పట్టేసేవారు.

పంతొమ్మిదివందల యాభైల మొదట్లో ఒక వానాకాలం ఆయన కుడిచెవిలో మోత పట్టుకుంది. ధాన్యం మిల్లు ఆడుతున్నట్టు ఉంటుందనేవారు. ఒకరోజు హోరెత్తేది, ఒకరోజు సన్నగా ఉండేది, పూర్తిగా ఆగింది మాత్రం లేదు. ఆ మోతలో పచ్చికాయ చప్పుడు కలిసిపోతుందేమోనని ఆయనకి భయం. నాకూ భయమే. ఆ చెవులు పోతే ఇల్లెలా గడుస్తుంది?

ఊరంతా వైద్యులే అయిపోయారు. ఉల్లిపాయ రసం పొయ్యమన్నారు, నశ్యం పీల్చమన్నారు. మురమళ్ళలో స్వామివారికి కల్యాణం చేయించమన్నారు. పెళ్ళికానివాళ్ళు చేయించేది చెవికెందుకండీ అని అడిగితే నన్ను నాస్తికురాల్ని చూసినట్టు చూశారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె మాత్రం బాగా పనిచేస్తోందని మా ఆయనే అన్నారు. పోసిన మర్నాటికి నయంగా ఉండేదట.

ఒకసారి ఇంట్లో వెల్లుల్లి లేక వట్టి నూనె వెచ్చబెట్టి పోశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. మర్నాడు కూడా నయమే అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. మోత హోరెత్తిన రోజునే కదా మేం మందుకి పరిగెత్తేది! ఆ తరవాత అది ఎలాగూ తగ్గుతుంది. పేరు వెల్లుల్లికి వస్తుంది. ఈ మాట మా అత్తగారితో అంటే, మొగుడి చెవిమీద ప్రయోగాలు చేస్తావా అని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అమలాపురం ఆసుపత్రి డాక్టరుగారు చెవిలోకి దీపం పెట్టి చూసి, "దీనికి మందు లేదండి. చెవిలో ఏమీ పొయ్యకండి. మెల్లగా అలవాటు పడండి" అన్నారు. మందు రాయని డాక్టరుని మావాళ్ళు ఎక్కడ నమ్ముతారు? చదువు దండగన్నారు.

అప్పుడే మా చినమావగారు, అంటే మా మావగారి తమ్ముడు, రాజోలు వైపు ఒక వైద్యుడున్నాడని చెప్పారు. తన చెవిలో మోత కూడా ఆ వైద్యుడే కుదిర్చాడట. సొంత మనిషి, సొంత చెవి. ఇంతకన్నా రుజువేం కావాలి? నేనే ముందు బయల్దేరదీశాను.

వైనతేయ పాయ పడవలో దాటి వెళ్ళాం. ఆ వైద్యుడు చెవిలో పురుగుందన్నాడు. ఏదో పసరు పిండి, సన్నని గొట్టం లోపలికంటా దూర్చి పీల్చాడు. పళ్ళెంలో తెల్లటి నలుసు చూపించాడు. మా ఆయన బాధతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. "నయంగా ఉందా అండీ?" అని వాడడిగితే, "ఆయ్, నయవేనండి" అన్నారు.

వారం తిరక్కుండా చీము పట్టింది. అమలాపురం డాక్టరుగారే చూసి, కర్ణభేరి చిరిగిపోయిందన్నారు. ఆ చెవి పోయింది. మోత మాత్రం పోలేదు. బయటి చప్పుడు ఆగిపోయేసరికి అదింకా పెద్దదైంది. పచ్చికాయలు బస్తాల్లోకి పోతున్నాయని షావుకారు ఆయన్ని ఏరే చోటు నుంచి లేపి, గోనెసంచులు కుట్టే చోట కూర్చోబెట్టాడు.

నేను మండిపోతూ చినమావగారింటికి వెళ్ళాను. "మీకెలా తగ్గిందండీ?" అని నిలదీశాను.

ఆయన కండువా సర్దుకున్నారు. "నాకెక్కడ తగ్గిందమ్మాయ్? ఇప్పుడూ ఉంది. పాపం ఆయన అంత శ్రద్ధగా చేసేరు, మొహమ్మీద తగ్గలేదని ఎలా అంటాం చెప్పు? ఆయ్ అన్నాను. ఒకసారి అన్నాక మాట మార్చితే బావుంటుందా?"

ఒళ్ళు మండింది నాకు. మా గోదావరి మర్యాద చూసి లోకమంతా మురిసిపోతుంది. ఆ మర్యాదకి మా ఇంట్లో ఒక చెవి బలైంది. తగ్గనివాళ్ళు నోరు విప్పరు, తగ్గినవాళ్ళు ఊరూరా చెబుతారు, మొహమాటపడేవాళ్ళు వాళ్ళతో గొంతు కలుపుతారు. ఇదీ మా వైద్యాలకున్న సాక్ష్యం.

మరుసటేడు కొత్తపేట నుంచి ఒక పెద్దాయన భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడకీ అదే మోత. "కురిడీలాయనకి నేనే కుదిర్చానని రాజోలు వైపు వైద్యుడుగారు చెప్పేరండి. నిజవేనాండి?" అని అడిగారు.

మా ఆయన మంచి చెవి అటు తిప్పి విన్నారు. నవ్వి, "ఆయ్, పర్వాలేదండి" అన్నారు.

నేను వంటింట్లోంచి వచ్చి చెప్పేశాను. "తగ్గలేదండీ. ఆ చెవి అసలు వినపడదు. అమ్మా, మీరు వెళ్ళకండి."

"ఇంటికొచ్చినవాళ్ళతో అవేం మాటలు? లోపలికెళ్ళు" అన్నారు మా ఆయన. ఊళ్ళో చెవిటివాడనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ఆవిడ నావైపు చూసింది. పెద్దాయన చూడలేదు. చెవి మా ఆయనది, మాటా ఆయనదే చెల్లింది.

కాఫీ తాగి లేచారు. వైనతేయ రేవుకి ఎటు వెళ్ళాలండీ అని అడిగారు. ఆవిడకి ఎండ తగలకుండా మా ఆయన గొడుగు పట్టుకుని, దగ్గరుండి పడవ ఎక్కించి వచ్చారు.