రెండు పెట్టెల మధ్య గరగర

మా ఆయన కార్పొరేషన్ పంపుహౌసు నుంచి రిటైరైన ఏడాదే ఆ రేడియో రిసీవరు మా ఇంటికొచ్చింది. సాల్ట్ లేక్‌ పేటలో ఉండే, బ్యాంకులో పనిచేసే ఒక తెలుగు ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతుంటే, సామాను సర్దడానికి సాయం వెళ్ళాడు. ఆ ఆఫీసరు దాన్ని ఈయన చేతిలో పెట్టాడు. వెండిరంగు ముఖం, వెనక దీపం వెలిగే అంకెల పట్టీ, రెండు చెక్క స్పీకరు పెట్టెలు. "కొన్న రోజుల్లోనే ఇది చవక రకమండీ, పెద్దగా ఆశ పెట్టుకోకండి" అని కూడా చెప్పాడట. ఆ ముక్క మాత్రం మా ఆయన బుర్రకెక్కలేదు.

వయసులో ఉన్నప్పుడు పైపులు బాగుచెయ్యడానికి డబ్బున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్తే, ఇలాంటి పెట్టెల్లోంచి పాట వినబడేదట. తబలా ఒక పక్కనుంచి, గొంతు ఇంకో పక్కనుంచి. పని ముగిశాక నిలబడి వింటామంటే ఎవరూరుకుంటారు? అందుకని ఒక్క సాయంత్రం ఆ రెండు పెట్టెల మధ్య కూర్చుని, ఎఫ్ఎమ్‌లో వచ్చే పాత బెంగాలీ పాట ఒకటి గరగర లేకుండా మొదట్నుంచీ చివరంటా వినాలి. ఆయన కోరిక అంతే. ఇంత చిన్న కోరిక ఇంటిల్లిపాదినీ ఇంతలా పీడిస్తుందని నేననుకోలేదు.

మొదట ఏరియల్‌గా ఒక రిబ్బను తీగని గోడకి అడ్డంగా మేకులు కొట్టి కట్టాడు. తర్వాత అది కిటికీకి మారింది. ఆ తర్వాత మేడమీదికెక్కి, అందరూ బట్టలారేసుకునే చోట వెదురుకర్రకి వేలాడింది. పక్కవాటా బౌది, అంటే బెంగాలీ వదినగారు, దానిమీద చీరారేసి, ఆయనచేత నాలుగు మాటలు పడింది. ఆయన పైనుంచి కర్ర తిప్పుతూ "ఇప్పుడో?" అని అరవడం, నేను కిందనుంచి "బాగుంది!" అని అరవడం. నిజంగానే బాగుండేది. ఆయన దిగివచ్చి, పెట్టెల మధ్య కూర్చుని, తల ఓ పక్కకి వాల్చి, "ఏటి బాగుందే? గరగరలాడతంటేను!" అనేవాడు. వంట తొందరలో అబద్ధమాడుతున్నానని ఆయన అనుమానం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

చివరికి ఒక రేడియో మిస్త్రీని పిలుచుకొచ్చాడు. అతను పాట విన్నాడు, వెనక మూత విప్పి చూశాడు, లోపలి ఇనుము ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "సెట్ భాలో, బౌదీ. కింతు ఆర్థ్ నేయ్" అన్నాడు. నా బెంగాలీ చెవిన పడి వచ్చిందే గాని చదివి వచ్చింది కాదు. సెట్టు మంచిదేగాని అర్థం లేదంటున్నాడని నాకు బోధపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అదే కదా బాబూ నేనూ మొత్తుకుంటున్నది! ఏటర్థముంది దీనికి?" అని తెలుగులోనే మొదలుపెట్టి, టీ కూడా ఇచ్చాను. అతను బిక్కమొహం వేశాడు. అతనన్న ఆర్థ్ ఎర్తట; ఈ పాతకొంపలో ఎర్తు తీగ లేదు, అందుకే ముట్టుకుంటే జిల్లుమంటోందన్నది అతని మాట. మా ఆయనకి అది దొరకడమే చాలు, గరగరకి మూలం అదేనని కుళాయి గొట్టందాకా ఎర్తు తీగ లాగాడు. ఇల్లు అలకగానే పండగవుతుందా? ఆయన చెవికి గరగర అలాగే ఉంది.

ఆ తర్వాత ఎల్‌ఈడీ బల్బుల మీద పడ్డాడు. అవి రేడియోకి అడ్డుతగులుతాయని ఎవరో చెప్పారు. సాయంత్రం పాటల వేళకి వంటింట్లో బల్బు ఆరిపోయేది, ఫ్రిజ్జు ఆగిపోయేది, ఫోను చార్జరు ఊడిపోయేది. అరచీకట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతకంటే బాధ ఇంకొకటుంది. రిటైరయ్యాక ఇద్దరం తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం అనుకున్నాను. ఈయన వెనకనుంచి పిలిస్తే పలకడం కూడా మానేశాడు. రేడియో పంతం నామీద చూపిస్తున్నాడనుకుని నేనూ పిలవడం తగ్గించాను. పోట్లాడే ఓపిక నాకు లేదు.

మొన్న వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి వెలిసింది. పాట మొదలైంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. కడిగిన ముత్యంలా ఉంది పాట, తబలా ఒక పక్క, గొంతు ఒక పక్క, ఆయన ఎన్నోసార్లు చెప్పినట్టే. చరణం మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కింద దర్జీకొట్టులో మిషన్లు ఆగాయి. వీధి వీధంతా నిశ్శబ్దం.

ఆయన తల వాల్చే ఉన్నాడు.

"సూడు, పాట ఆగింది కదా. ఇప్పుడింక గరగరొక్కటే ఎంత తేటగా ఇనబడతందో! నువ్వేమో లేదంతావు."

"కరెంటు పోయిందండీ" అన్నాను. ఆయనకి వినబడలేదు. ఎదురుగా వచ్చి మళ్ళీ చెప్పాను.

ఆరిపోయిన అంకెల పట్టీ వైపు చూశాడు. పైన ఫ్యాను వైపు చూశాడు. అరచేత్తో కుడిచెవి మూసి తీశాడు, ఎడమచెవి మూసి తీశాడు. ఏ చెవి మూసినా గరగర ఆగినట్టు లేదు.

"మరి నీకు పాట బాగానే ఇనబడీదేటే?"

"ఆఁ."

"మొదట్నుంచీ?"

ఆయనకి వినబడాలని గట్టిగా చెప్పాల్సొచ్చింది. "మొదట్నుంచీనండీ."