సాంబ్రాణి వెయ్యని గది

దెయ్యాలూ గాలులూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఏలూరులో మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. మా ఆయనతో పాటు నేనూ కౌంటర్‌లో కూర్చుంటాను. ఫ్యాను దానంతటదే తిరిగిందనీ, మిక్సీ ఎవరూ ముట్టుకోకుండానే మోగిందనీ చెప్పుకుంటూ వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. విప్పి చూస్తే వైరు లూజు, లేదంటే స్విచ్చి పోయి ఉంటుంది. ఇప్పుడు రాయబోయేది చదివి నేను మారిపోయానని ఎవరూ సంబరపడక్కర్లేదు.

మా అమ్మాయి ప్రసన్న నెలలు నిండకుండానే ప్రసవించింది. పాపని కొన్నాళ్ళు ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, పొగా దుమ్మూ తగలకూడదు, అగరొత్తి కూడా వెలిగించొద్దు అన్నారు.

అప్పుడే కోతలైపోయి పెదపాడు వైపు చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. సాయంత్రమైతే మా వీధి దాకా పొగ వాసనే. అందుకని కొట్లోంచి చిన్న ఎయిర్ ప్యూరిఫైయర్ ఒకటి తెచ్చి పాప గదిలో పెట్టాను. గాలి బాగుంటే దానిమీద నీలం లైటు వెలుగుతుంది, పాడైతే ఎర్ర లైటు. ఎర్రబడితే లోపలి ఫ్యాను జోరు పెంచుకుంటుంది.

మా పెద్దక్క తాడేపల్లిగూడెం నుంచి సాయానికి వచ్చింది. మా ఇళ్ళల్లో పసిపిల్లలకి స్నానం కాగానే నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగ పట్టడం మామూలు. మా పిల్లలందరికీ ఆ పని అమ్మే చేసేది. అమ్మ పోయి మూడేళ్ళయింది. చివర్లో నా దగ్గరే, ఇప్పుడు పాపని పడుకోబెట్టిన ఆ గదిలోనే ఉండేది.

ఇప్పుడిక ఆ పని తనదే అనుకుని అక్క వచ్చీ రాగానే కుంపటి అడిగింది. నేను ఒప్పుకోలేదు. "పొగ పట్టకపోతే తల ఎలా ఆరుద్దే, రొంప పట్టేయదూ?" అని సణిగి ఊరుకుంది.

ఒక ఉదయం పాపకి పెరట్లో స్నానం చేయించి, తెచ్చి ఉయ్యాల్లో వేశాం. కాసేపటికి మిషను ఎర్రబడి హోరెత్తింది. గదిలోకి వెళ్ళేసరికి గుప్పున సాంబ్రాణి వాసన. పొగ మాత్రం కనబడలేదు. అక్క నా కళ్ళుగప్పి వేసిందనుకుని నానా మాటలూ అన్నాను. తను దేవుడి మీద ఒట్టేసి, ఆ మధ్యాహ్నమే బస్సెక్కి గూడెం వెళ్ళిపోయింది.

మర్నాడు స్నానం అయ్యాక మళ్ళీ ఎర్ర లైటు, మళ్ళీ అదే వాసన.

అప్పటికీ నేను భయపడలేదు. ఫిల్టరు శుభ్రం చేశాను. కిటికీలు మూశాను. పక్కింటివాళ్ళేమో అనుకుంటే, వాళ్ళు కొల్లేటి వైపున్న చేపల చెరువు పనికి పొద్దున్నే తాళం వేసుకుని వెళ్ళిపోతారు. స్నానం పెరట్లో కాబట్టి ఆవిరి అనడానికి లేదు, పౌడరు మేం వాడటమే లేదు. కొట్లోంచి ఇంకో కొత్త పీసు తెచ్చి సీలు విప్పి పెడితే అదీ అంతే. దాన్నే హాల్లో పెడితే, పోపు ఘాటుకి ఓసారి ఎర్రబడి వెంటనే నీలానికి వచ్చేసేది. టీకా వేయించి పాపకి స్నానం మానిపించిన రోజున ఆ గదిలో పొద్దుగూకేదాకా నీలమే.

సెన్సారు లోపం అయ్యుంటుందండీ అత్తయ్యగారూ, అన్నారు అల్లుడుగారు ఫోనులో. పాపకి ఏమీ కాకపోయి ఉంటే నేనూ ఆ మాటే అనేదాన్ని. కానీ ఆ వారంలోనే పాప డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి పరిగెత్తాం. నెబ్యులైజర్ పెట్టి కుదుటపరిచాక డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"ఇంట్లో ఎవరైనా సాంబ్రాణి వేస్తున్నారాండీ?"

లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. ఇంకోసారి ఇలా అయితే ఐసీయూలో పెట్టాల్సి వస్తుందన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన గది మార్చేద్దామన్నారు. ఎవరినైనా పిలిపించి శాంతి చేయిద్దామని కూడా మెల్లిగా అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. శాంతి అంటే హోమం, హోమం అంటే మళ్ళీ పొగ. పైగా వీధి దుమ్ము రానిది ఇంట్లో ఆ ఒక్క గదికే. నా ఇంట్లో నా మనవరాలు ఎక్కడ పడుకోవాలో ఇంకెవరో తేల్చడమేమిటన్నాను. ప్రసన్న పిల్ల బట్టలు సర్దుకుంటోంది, ఉండి ఊళ్ళో ఉన్న అత్తగారింటికి వెళ్ళిపోవడానికి. అక్కడికెళితే ఆ ఇంటి పెద్దవాళ్ళు నిజంగానే కుంపటి రాజేస్తారు. ఒక్క రోజు ఆగమని బతిమాలాను.

మర్నాడు స్నానం కాగానే పాపని నేనే ఎత్తుకుని ఆ గదిలోకి వెళ్ళాను. ప్రసన్న గుమ్మంలో నిలబడింది. లైటు ఎర్రబడింది. వాసన వచ్చింది. నా అరచేతి కింద పాప ఊపిరి వేగం పెరగడం తెలుస్తూనే ఉంది. నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. పమిట పిల్ల మీద కప్పి, ఎవరూ లేని ఆ గదికి గట్టిగానే చెప్పాను.

"అమ్మా, ఇంక చాలు. దీనికి పొగ పడదు. నువ్వు ప్రేమకొద్దీ వేస్తున్నావని తెలుసు, అయినా నేను ఒప్పుకోను. ఇంకెప్పుడూ వెయ్యకు."

హోరు తగ్గింది. లైటు నీలానికి తిరిగింది. కిటికీలన్నీ మూసి ఉన్న గదిలో ఆ వాసన ఉన్నట్టుండి లేకుండా పోయింది. పాప నా భుజం మీదే నిద్రపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అలా జరగలేదు. నేను గూడెం వెళ్ళి అక్క కాళ్ళావేళ్ళా పడ్డాను. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

దీనికి కారణం ఏమిటో నాకు తెలియదు. సెన్సారు అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఆ మిషన్లే ఇప్పటికీ అమ్ముతున్నాను, ఇలాంటి ఫిర్యాదు ఒక్కరూ తేలేదు. దెయ్యాలున్నాయా అని అడిగితే లేవనే అంటాను.

ప్రసన్న పుట్టినప్పుడు అమ్మ దాన్ని కాళ్ళ మీద వేసుకుని పొగ పట్టేది. పిల్ల ఉక్కిరిబిక్కిరై ఏడుస్తుంటే నేను పక్కనే నిలబడి చూసేదాన్ని. వద్దనడానికి నోరొచ్చేది కాదు. అమ్మకి నేను ఎదురుచెప్పింది నా జన్మలో ఒక్కసారే, అదీ తను పోయిన మూడేళ్ళకి. చెబితే వినే మనిషని నాకు అప్పుడే తెలిసింది.