పరశురాములు కొన్నదల్లా పడతది

పరశురాములు సంగతి హుజూరాబాద్‌ల ఎవరన్నా చెప్పాల్నంటే ముందుగాల ఆయననే చెప్తడు. ఇంకొకలు మొదలుపెట్టేదాక ఆగడు. "ఏ దందా మునుగుతదో తెల్వాల్నంటే పేపర్లు చదువుడెందుకు? నా దుకాణం ముంగట నిలబడి చూడున్రి. నేను లోపట ఏం పెడితే గది మునుగుతది" అంటడు. అని ఆయననే ముందు నవ్వుతడు. యాభై దాటిన మనిషి, నెత్తి మీద వెంట్రుకలు తక్కువ, నవ్వితే బొజ్జ కూడా కదులుతది. ఎదుటోళ్లకు నవ్వక తప్పదు.

ఆయనది గిన్నెల దుకాణం. వాళ్ల బాపు కనకయ్య పెట్టింది. కనకయ్య కాలంల అంతా ఇత్తడి, రాగి. పరశురాములు గల్ల మీద కూసునేటాళ్లకు స్టీలు రాజ్యమైంది. పెండ్లిండ్ల దినాలల్ల దుకాణం ముంగట నిలబడ జాగ ఉండకపోయేది. చదివింపులకు టిఫిన్లు, పల్లేలు, బిందెలు కొని, వాటి మీద పేర్లు కొట్టిచ్చుకునేటోళ్లు. ఆ పేర్లు చెక్కే మిషను గర్రుమనే చప్పుడు బస్టాండు దాక వినిపిస్తుండె. ఒకపారి తొందరల "వధూవరులకు" అని చెక్కబోయి, పెట్టెడు పల్లేల మీద "వధూవధులకు" అని చెక్కిండు. మొగపిల్లగాని తరపోళ్లు లొల్లికి వస్తే, "ఇంట్ల ఎట్లాగూ ఆమె మాటనే నడుస్తది, ముందుగాలనే రాసిన" అన్నడు. వాళ్లు నవ్విన్రు గని, పల్లేలు మాత్రం తీసుకపోలే. వాటిల్ల ఇప్పటికీ పరశురాములు ఇంట్లనే అన్నం తింటున్నరు.

తర్వాత చదివింపులకు కవర్లు వచ్చినయి. కవర్లు పోయి ఫోన్ల పైసలు పంపుడు వచ్చింది. బిందె చంకల పెట్టుకొని పెండ్లికి పోయేటోన్ని జనం వింతగ చూస్తుండిరి. దుబాయ్‌ల పనిచేసెటోళ్లు వచ్చినప్పుడల్లా గాజు గిన్నెలు, కుక్కర్లు అక్కడినుంచే తెచ్చుకుంటుండిరి. పరశురాములు ఊకె కూసునే మనిషి కాదు. నాన్‌స్టిక్ పెనాలు దుకాణం నిండ దించిండు. గవి దించిన నెలల్నే టీవీల డాక్టర్లు ఆ నల్లపూత ఒంటికి మంచిది కాదన్నరు. ఇనుప పెనాలు తెచ్చిండు. మస్తుగ పోతయనుకుంటే ఎదురు దుకాణపోడు అగ్గువకు పెట్టిండు. చివరికి గాలితోని వేంచే మిషన్లు తెచ్చి అద్దాల ముంగట వరుసగ నిలబెట్టిండు. జనం వచ్చి, మూత తీసి చూసి, ఆలుగడ్డలు ఎట్ల వేంచాల్నో అడిగి తెలుసుకొని, ఫోటో తీసుకొని పోయి, ఇంట్ల కూసుండి ఫోన్ల ఆర్డరు పెట్టుకునేటోళ్లు.

"మ్యూజియం పెట్టిన గని టికెట్ పెట్టుడు మర్చిపోయిన" అని పరశురాములు హోటల్‌కాడ అందరికి చెప్పిండు.

లాక్‌డౌన్‌ల దుకాణం బందు పెట్టి ఇంట్ల కూసున్నప్పుడు ఆయన చేతికి ఫోను దొరికింది. అందుల ఒక పిల్లగాడు, మీసాలు కూడా సక్కగ రాలే, షేర్ మార్కెట్ గురించి చెప్తుండె. చూసిండు. ఇంకొకటి చూసిండు. వారం తిరిగేసరికి ఇంటి గోడకు తెల్లకాగితం అంటిచ్చి, దాని మీద ఎర్రగీతలు పచ్చగీతలు గీసిండు.

"గిదేందయ్యా?" అన్నది తిరుమల, ఆయన భార్య.

"మార్కెట్ పోకడ. గిన్నెలు అమ్ముకుంట ఇన్నేండ్లు అద్దం ముంగట కూసున్న. ఇప్పుడు దేశం మొత్తం నా ముంగట కూసుంటది."

"కూసుండనియ్యి గని, ముందుగాల పాలు తేపో" అన్నది తిరుమల.

పెరుగుతదని కొంటే అది పడేది. పడుతదని అమ్మితే లేచేది. మొదట్ల పరశురాములు నేర్చుకుంటున్న అనుకున్నడు. తర్వాత మార్కెట్ తప్పనుకున్నడు. ఒక చక్కెర కంపెనీ షేరు ఎట్లన్న లేస్తదని నమ్మిండు గని, చేతుల పైసలు లేకపాయె. అప్పుడు ఆయన కండ్లు అటక మీద పడ్డయి. కనకయ్య నాటి ఇత్తడి సామానంతా అక్కడనే ఉండె. గంగాళాలు, కొప్పెరలు, రాగి బిందెలు, కంచు చెంబులు. ఇత్తడి ఎవరు కొంటరు, తోముడే ఒక బాధ. పాతసామాన్లు కొనే మొగిలిని పిలిచిండు. మొగిలి తరాజు తెచ్చి, ఆటోల నింపుకొని పోయిండు. పోయేటప్పుడు, "సేటు, మల్ల అడుగుతున్న, పక్కాగ అమ్ముతున్నవా?" అన్నడు.

"పక్కా. గిప్పుడు ఎవనికి కావాలె ఇత్తడి?"

మొగిలి తల ఊపి పోయిండు. చక్కెర కంపెనీ షేరు సోమవారం పడ్డది, మంగళవారం మల్ల పడ్డది, బుధవారం పడుటానికి ఏం మిగల్లే.

దుకాణం మల్ల తెరిచినకాడ్నుంచి ఆయనకు ఒక శిష్యుడు ఉండె. పక్కన మందుల దుకాణం శ్యాంసుందర్, చిన్నప్పటి దోస్తు. రోజూ పొద్దుగాల రెండు చాయలు పట్టుకొని వచ్చేటోడు. "అరే పర్శా, ఇయ్యాల ఏం తీస్తున్నవ్ రా?" అని అడిగేటోడు. పరశురాములు కండ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకొని, ఏది ఎందుకు లేస్తదో వివరంగ చెప్పేటోడు. శ్యాంసుందర్ అంతా విని, తల ఊపి, తన దుకాణంలకు పోయి ఫోను తీసేటోడు. తనకు పైసలు రాకపోయినా తన మాట వినేటోడు ఒకడున్నడని పరశురాములుకు లోలోపట గర్వంగ ఉండె. చాయ పైసలు కూడా పరశురాములే ఇస్తుండె, గురువు గద.

ఒకనాడు శ్యాంసుందర్ కొత్త కారు కొన్నడు. పూజకు పరశురాములును, తిరుమలను పిలిచిండు. కారు ముంగట నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టినంక, శ్యాంసుందర్ భార్య నవత మిఠాయి తెచ్చి పరశురాములు చేతుల పెట్టింది.

"అన్నా, ఇది నీ దయనే" అన్నది మనస్ఫూర్తిగ.

"నాదేముందమ్మా, నేను చెప్పిన, వాడు విన్నడు."

"అవునన్నా. పర్శడు ఏది కొంటే అది అమ్మాలె, ఏది అమ్మితే అది కొనాలె, ఇంక వేరే చదువు అక్కరలేదు అంటడు ఈయన."

శ్యాంసుందర్ కారు టైరు దిక్కు చూసుకుంట వంగిండు, అక్కడ చూసేదానికి ఏం లేకున్నా. నవతకు తను ఏమన్నదో అప్పుడు తట్టింది, పళ్లెం పట్టుకొని అట్లనే నిలబడ్డది. పరశురాములు అందరి కంటె ముందు నవ్విండు. బొజ్జ కదిలేటట్లు నవ్విండు. "అరే, నాకు కమిషన్ ఇయ్యాలె గదరా, చాయ పైసలు కూడా నేనే ఇచ్చిన!" అన్నడు. అందరు నవ్విన్రు. మిఠాయి మాత్రం జేబురుమాలల చుట్టి జేబుల పెట్టుకున్నడు.

ఇంటికి నడుచుకుంట వస్తుంటే తిరుమల రెండడుగులు ముందే నడిచింది. వాకిట్లకు వచ్చినంక ఆమె భుజాలు కదులుడు చూసి, ఏడుస్తున్నదనుకొని పరశురాములు పరేషానైండు. ఆమె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నది.

"నవ్వు, నవ్వు. మొగడు మునిగితే నవ్వాలె గద" అన్నడు.

"మునిగినందుకు కాదు" అన్నది కండ్లు తుడుచుకుంట. "ఇన్నొద్దుల సంది నీ పక్కనే ఉన్న, గా ఉపాయం నాకెందుకు తట్టలే అని."

ఆయనకు కోపం రావాల్నని చూసిండు, రాలే. అరుగు మీద కూసున్నడు. నిజంగ బాధపెట్టింది శ్యాంసుందర్ సంపాదించుడు కాదు. రోజూ పొద్దుగాల తన మాట అంత శ్రద్ధగ విన్న మనిషి, తన తప్పు కోసమే విన్నడు. తన మీద తను జోకులేసుకునుడు అలవాటే. ఊరు కూడా గా జోకును నమ్మి, దాని మీద పైసలు పెట్టిందని తెలిసేసరికి మనసు చిన్నగైంది. సాయంత్రం గోడ మీది కాగితం చింపిండు. సున్నం పెచ్చులు కూడా ఊడి వచ్చినయి. మరునాడు శ్యాంసుందర్ చాయ పట్టుకొని వచ్చి, బల్ల మీద పెట్టి నిలబడ్డడు.

"ఇయ్యాల ఏం తీస్తలేను" అన్నడు పరశురాములు. "కూసో. చాయ తాగు. పైసలు మాత్రం నువ్వే ఇయ్యాలె, కారున్నోనివి."

అట్ల మళ్ల దోస్తులైన్రు.

చలికాలం మొదట్ల కరీంనగర్‌ల ఉండే బిడ్డ సృజన ఫోన్ల ఒక ఫోటో పంపింది. ఒక పెద్ద దుకాణంల ఇత్తడి గంగాళం, అందుల నీళ్లు పోసి పూలు వేసిన్రు. వెంటనే ఫోను చేసింది.

"బాపూ, మన అటక మీద ఇసొంటియి ఉండె గద? ఇప్పుడు అందరు గివ్వే కొంటున్నరు. కొత్తయి కాదు, పాతయే కావాల్నంటున్నరు. వాటి ధర చూస్తే కండ్లు తిరుగుతున్నయి. కిందికి దించి పెట్టు."

పరశురాములు ఫోను చెవికి పెట్టుకొనే ఉత్త అటక దిక్కు చూసిండు.

"బాపూ? ఉన్నవా?"

"నేనున్న బిడ్డా. గంగాళాలే లేవు."

అంగీ గుండీలు పెట్టుకుంటనే మొగిలి దుకాణానికి ఉరికిండు. కరిగిపోయి ఉంటయి, పంపులో గొళ్లాలో అయి ఉంటయి అని దారంతా అనుకున్నడు. మొగిలి షెడ్డు ఎనుక తాటిపత్రి లేపి చూపిచ్చిండు. అన్నీ ఉన్నయి. బోర్లేసి, ఒకదాని మీద ఒకటి, తను ఇచ్చినప్పటికంటె సక్కగ సర్ది ఉన్నయి.

"కరిగియ్యలేదారా మొగిలి?"

"లే సేటు. శ్యాంసుందర్ సారు నాకొకటి చెప్పిండు. పర్శడు ఏదన్న అమ్మితే, దాన్ని జర ఆపు అన్నడు. ఆపిన."

పరశురాములు ఒక గంగాళం మీద కూసున్నడు. ఈసారి నవ్వు దానంతటదే వచ్చింది, ఆపుకుందామన్నా ఆగలే. మొగిలి కూడా నవ్విండు, జర భయంభయంగ. నవ్వులైనంక బేరం మొదలైంది. మొగిలి వాటిని తూకానికి ఇయ్యనన్నడు, పాతసామాను లెక్కన అసలే ఇయ్యనన్నడు. తిరిగి కొనాల్నంటే పరశురాములు దగ్గర అన్ని పైసలు లేవు. ఆఖరుకు ఒప్పందం గిట్లైంది. సామాను మొగిలిది, దుకాణం పరశురాములుది, అమ్ముడుపోయినదాంట్ల సగం సగం.

"అంటే మా బాపు సామాను నీ దగ్గర కూలికి అమ్మాలె నేను."

"కూలి అనకు సేటు. పార్ట్‌నర్ అను."

"పార్ట్‌నరే. ఆ మాటకు జీతం తక్కువుంటది" అన్నడు పరశురాములు.

గాలితోని వేంచే మిషన్లు అటక మీదికి పోయినయి, మొగిలి షెడ్డు నుంచి ఇత్తడి దుకాణంల దిగింది. తిరుమల చింతపండు నానబెట్టి తోముడు మొదలుపెట్టింది. రెండు గంగాళాలు తోమేసరికి సృజనకు ఫోను చేసి, అంతగ మెరిసేటట్లు తోమాల్నా అని అడిగింది. జర మసి ఉంటేనే పాతదని నమ్ముతరని సృజన చెప్పింది. తిరుమల సంబురంగ చేతులు కడుక్కున్నది. ఇండ్లల్ల ఫంక్షన్లు పెట్టుకునేటోళ్లు, హోటళ్లు నడిపేటోళ్లు, పండుగకు వాకిట్ల పెట్టుకునేటోళ్లు ఒక్కొక్కలు రావట్టిన్రు. మస్తు సంపాయించిండని కాదు గని, దుకాణం తలుపులు తీస్తే మనుషులు వస్తున్నరు. ఉత్త ఫోటో తీసుకొని పోకుండ, కొనుక్కొని పోతున్నరు.

ఒక ఆదివారం కరీంనగర్ నుంచి నిఖిత అనే అమ్మాయి, ఆమె భర్త వెంకటేశ్ వచ్చిన్రు. కొత్త ఇల్లు కట్టుకున్నరు, హాల్ల పెట్టుకునేదానికి గంగాళం కావాలె. అన్నింట్ల పెద్దది నచ్చింది. నిఖిత దాని అంచు మీద వేలు పెట్టి జరుపుకుంట, చుక్కలు చుక్కలుగ కొట్టిన అక్షరాలు చదివింది.

"గుండ కనకయ్య. ఈయనెవరు అంకుల్?"

అసొంటి మాటకు దుకాణపోడు చెప్పాల్సిన జవాబులు చాన ఉన్నయి. పూర్వం ఎవరో దొర అనొచ్చు, ధర ఇంకింత పెరుగుతది.

"మా బాపు" అన్నడు పరశురాములు.

నిఖిత వేలు తీసేసింది. భర్త దిక్కు చూసింది. "అట్లైతే మాకొద్దులే అంకుల్. ఇంకొకటి చూసుకుంటం. ఇది మీరే ఉంచుకోవాలె."

పరశురాములు గంగాళం దిక్కు చూసిండు. ఎప్పుడో పోయిన కనకయ్య మల్ల గల్ల మీద కూసున్నట్లే అనిపిచ్చింది. అమ్ముడుపోకుండ మూల పడ్డ ఏ గిన్నెనన్నా చూస్తే ఆయన ముఖం చిట్లిచ్చుకునేటోడు.

"బిడ్డా, మా బాపు దుకాణదారు. సామాను అమ్మకుండ ఇంట్ల దాచుకుంటే నన్ను తిడతడు. ఇప్పటికే ఒకసారి తూకానికి ఇచ్చిన దీన్ని, గా తిట్లే ఇంకా బాకీ ఉన్నయి. నువ్వు కొనుక్కపో. పువ్వులేసుకో. మంచిగ చూసుకో, చాలు."

నిఖిత సరే అన్నది. వాళ్లిచ్చిన పైసలల్ల మొగిలి వాటా, తన వాటా మనసులనే పక్కకు పెట్టుకొని, పరశురాములు, వెంకటేశ్ కలిసి దాన్ని మోసుకొని కారు కాడికి తెచ్చిన్రు. డిక్కీల పట్టలే. ఎనుక సీటు మీద కూసోబెట్టిన్రు. బ్రేకు కొడితే దొర్లుతదని నిఖిత దానికి బెల్టు కూడా పెట్టింది. పేరు కొట్టిన దిక్కు లోపటికి ఉన్నది.

"జర ఆగు బిడ్డా" అన్నడు పరశురాములు. వంగి, రెండు చేతులతోని గంగాళాన్ని మెల్లగ తిప్పిండు, కనకయ్య పేరు అద్దంలకెల్లి బయటికి కనపడేటట్లు.