రంగమ్మాళ్ అత్త కట్టే గుడ్డ పీలికలు

మా మేనత్త రంగమ్మాళ్‌ని ఒప్పించడం కన్నా బాహూరు చెరువును చెంబుతో తోడడం సులువు. ఆమె విత్తనపు వడ్లంటే ఊళ్లో గిరాకీ. పైరు ఈనగానే మడంతా తిరిగి, విత్తనం కల్తీ కాకుండా, మిగతా వాటికన్నా పొడుగ్గా ఎగిసిన వేరే రకం మొక్క కనబడితే దానికి పాత చీర పీలిక కడుతుంది. వెనకాల వచ్చే కూలీలు ఆ మొక్కను పీకేస్తారు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పదు. మడి వదిలి రావాల్సొస్తుందని, రక్తం పోతున్నా చాలాకాలం దాచింది. చివరికి 2006లో పుదుచ్చేరి ఆసుపత్రిలో గర్భసంచి ముఖద్వారానికి కేన్సర్ అన్నారు. కొన్ని వారాలు రేడియేషన్ ఇవ్వాలి, మధ్యలో ఆపితే ప్రాణానికే ముప్పు అన్నారు. పీలికల పని కోడలు జయంతికి ఒప్పజెప్పి, సణుగుతూ పట్నంలో నా గదికి వచ్చింది.

"ఏందిరా శ్యామూ, ఈ రోగం యాడినించి వచ్చింది?"

లైబ్రరీలో చదివింది చెప్పాను. కణంలోనూ పీలికలు కట్టే ఎంజైములున్నాయి. అవి గుర్తు పెట్టిన ప్రోటీన్‌ని కణం ముక్కలు చేసేస్తుంది. ఒక వైరస్ లోపల దూరి, అలాంటి ఎంజైమ్‌ని లోబరుచుకుని, కేన్సర్ రాకుండా కాపలా కాసే ప్రోటీన్‌కే పీలిక కట్టిస్తుంది.

"అట్లయితే ఆ కట్టేవాటినే పీకి పారేయమను. నన్నెందుకు కాల్చేది?"

"అన్నిట్నీ పీకేస్తే ఎట్లత్తా? కణాన్ని అడ్డూ అదుపూ లేకుండా పెంచే ప్రోటీన్లకు గుర్తు పెట్టి తీయించేవీ వాటిలోనే ఉండాయి. అవి చెడినా కేన్సరే. ఈ ఒక్కదాన్ని ఆపే మందు ఇంకా రాలా."

"మందే లేనిదానికి అంత చదువేందిరా? సుమ్మా ఉండు, నోరు మూసుకుని!"

సగం చికిత్స అయ్యాక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. జయంతి పుట్టింట్లో పీలిక కట్టేది విత్తనానికి ఉంచుకునే మంచి కంకికి. ఆమె అలాగే కట్టింది. కూలీలు అలవాటు ప్రకారం వాటినే పీకేశారు. అత్త సంచి సర్దుకుంది. ఆ మధ్యాహ్నం రేడియేషన్ ఉంది. అయినా బస్టాండుకే నడిచింది. అరిచి అరిచి నా గొంతు పోయింది.

అత్త ఎక్కబోయిన బాహూరు బస్సులోంచి జయంతే దిగింది. "అత్తమ్మా, నాకు తెలీక..."

"తెలీకనా! కూలోళ్లు పీకతా ఉంటే నీ కండ్లు యాడ పెట్టుకున్నావే? మీయమ్మ ఇదేనా నేర్పింది?"

ఆ తిట్ల మధ్య బస్సు తిరిగి బయల్దేరి వెళ్లిపోయింది. అత్త గమనించలేదు. చెరో చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాం. ఆటోలోనూ ఆపలేదు. రేడియేషన్ గదిలో నర్సు "పాట్టీ, అవ్వా, కదలకూడదు" అని బతిమాలుతోంది.

"మిగిలిన మడిలో, పొడుగ్గా ఎగిసినదానికే కట్టాల! వినబడిందా జయంతీ?"

తలుపు మూసేశారు.