ఏడుపు వినబడితే వచ్చే మామ్మ

ఖుర్సీపార్ అనే కార్మికుల బస్తీలో మా పక్కింటి మామ్మకి ఒక అలవాటుండేది. ఏ ఇంట్లో ఏడుపు వినబడినా పొయ్యి మీదున్నది దింపేసి, జుట్టు విరబోసుకుని పరిగెత్తేది. భాష, కులం, పాత తగవులు ఏవీ చూసేది కాదు. పోయినవాళ్ళ మంచితనమంతా వరసపెట్టి తలుచుకుంటూ రాగం తీసి ఏడ్చేది. బిగుసుకుపోయి కూర్చున్న ఇంటివాళ్ళకి అప్పుడుగానీ కన్నీళ్ళు వచ్చేవి కావు.

పన్నెండో తరగతిలో మాకొక ఇంగ్లీషు విషాద నాటకం ఉండేది. కొడుకు శవం మీద పడి రాణి ఏడ్చే రంగం నేను క్లాసులో చదవాలి. ఇంట్లో గొంతెత్తి సాధన చేస్తుంటే మామ్మ తలుపు తోసుకుని వచ్చిపడింది.

"ఓలమ్మో! ఎవులు పోనారే తల్లీ!" అంటూ నన్ను వాటేసుకుని ఘొల్లుమంది.

అమ్మ పకపకా నవ్వింది. "అరే, అది స్కూలు డ్రామా అత్తా! ఎవులూ పోనేదు."

నాకూ నవ్వాగలేదు. మామ్మ మెల్లగా జుట్టు ముడేసుకుంది. "నాకేటి తెలుస్తాదమ్మా," అని తల వంచుకుని వెళ్ళిపోయింది. గల్లీ అంతా చెప్పుకుని నవ్వారు. క్లాసులో నేను అచ్చం మామ్మలాగే ఏడుస్తూ చదివాను. చప్పట్లు మోగిపోయాయి.

మరుసటి ఏడు నాన్న డ్యూటీ నుంచి వస్తూ దారిలోనే గుండె ఆగి పోయారు. మా ఏడుపు గల్లీ చివరిదాకా వినిపించింది. మామ్మ వచ్చింది గానీ లోపలికి రాలేదు. ముడి విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, భయంభయంగా నా మొహంలోకి చూసింది.

"నిజవేనా, అమ్మా?"